గోడ మీది చీరల దుకాణం

మా ఇంట్లో మా ఆయన ఫోటో ఒక్కటే ఉంది. తల, మెడ, కొంచెం భుజం, అంతే. ఎడమ భుజం మీద, ఫోటో అడుగున, సన్నగా ఒక ఆకుపచ్చ గీత కనబడుతుంది. మొన్న దండ మారుస్తుంటే మా మనవరాలు ఆ గీతను గోటితో గీకి చూసింది. మరక అనుకుంది పాపం.

“అవ్వా, తాత భుజం మీద గిదేందే?”

“చీరంచు.”

“తాత చీర కట్టిండా?”

“కట్టలె. ఏసుకున్నడు.”

అది పకపకా నవ్వి తన ఫోన్ తీసింది. అందులో ఎవరో దుకాణపాయన, మంచి మీసాలాయన, చీర విప్పి భుజాన వేసుకుని “పల్లు చూడండి అక్కా, అంచు చూడండి” అంటున్నాడు. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అది చూసి ఫోన్లోనే కొంటారట.

“గిట్ల ఏసుకున్నడా తాత?”

“గిట్లనే” అన్నాను. అన్నానే గాని, ఆ ఫోన్ చూస్తుంటే నాకు గుర్తొచ్చింది మా ఆయన కాదు. మా ముందరి గదిలో కొన్ని నెలలు కిరాయికి ఉండి పోయిన ఒక పిల్ల. ఇట్లాంటి ఫోన్లు, ఫోన్లలో దుకాణాలు పుట్టకముందే మా ఇంటి గోడ మీద చీరల దుకాణం పెట్టిన పిల్ల.

నల్లగొండ బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ అని కొత్తగా బోర్డు పెట్టిన కాలం అది. ఆ పిల్ల హైదరాబాదులో చదువుతుండేది. ఏం చదువే అని అడిగితే, “బట్టలు అమ్ముడువొయ్యేటట్టు జేసే సదువు చిన్నమ్మా” అనేది. ఫ్యాషన్ అంటారట, మార్కెటింగ్ అంటారట. దాంతోపాటే కంప్యూటర్లో దుకాణం పేజీలు తయారు చేయడం కూడా నేర్పుతారట. చివర్లో ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఒక నిజం దుకాణాన్ని పట్టుకుని, దాని సరుకంతా పేజీల్లో పెట్టి సార్లకు చూపించాలి. మా ఆయన పనిచేసే చీరల దుకాణం సేటు సరేనన్నాడు కాబట్టి మా ఊరికి వచ్చింది. మా ఆయన మెత్తటి మనిషి కాబట్టి మా ఇంటికి వచ్చింది.

సామాను పెద్దగా లేదు. ఒక ఇనుప పెట్టె, చుట్టచుట్టిన ఖాకీ కాగితాలు, ఒక నల్ల గొంగడి. వాళ్ళది అమ్రాబాద్ అడవి అంచున ఒక పల్లె. తండ్రి గొర్లు కాస్తాడు. పరుపు వేస్తానంటే వద్దని ఆ గొంగడి పరుచుకునే పడుకునేది. నేను ఒకసారి దాని మీద కూర్చుని లేస్తే ఒళ్ళంతా గరగరలాడింది. “పండుకుంటె అలవాటైతది చిన్నమ్మా, కూసుంటెనే కుచ్చుకుంటది” అంది.

ఆ పిల్ల చేతులు ఊరుకునేవి కావు. ఎవరితో మాట్లాడుతున్నా మెల్లగా వాళ్ళ కొంగు చివర అందుకుని తిరగేసేది. ముందు వైపు చూడదు. వెనక వైపు చూస్తుంది, వేళ్ళ మధ్య నలుపుతుంది. మాట మాత్రం ఆగదు. కొంగు ఇచ్చినామె ముందు బిత్తరపోయి, తర్వాత తాను కూడా వంగి తన కొంగును తానే చూసుకునేది, ఏదో కనబడుతుందేమోనని. ఇంకొకటి, ఏ పనైనా తెగకపోతే నాలుకను అంగిట్లో కొట్టి “ట్ర్ర్... ట్ర్ర్” అనేది. గొర్లను మళ్ళేసే కూత. అన్నం కుదరకపోయినా అదే, ఆలోచన కుదరకపోయినా అదే. కంప్యూటర్ సెంటర్లో కూడా అట్లాగే కూత పెడుతుందని, పక్క కుర్చీల పిల్లలు నవ్వుతారని తానే చెప్పి తానే నవ్వేది.

వచ్చిన రోజు, ఇంకా పెట్టె కింద పెట్టకముందే నన్ను అడిగిన మొదటి మాట ఇది:

“చిన్నమ్మా, నువ్వు కట్టుకున్న చీర ఎందుకు తీస్కున్నవ్?”

“నేనెక్కడ తీస్కున్న? మీ చిన్నాయిన తెచ్చిండు.”

“మరి చిన్నాయిన గిదే ఎందుకు తెచ్చిండు?”

“గాయన్నే అడుగు పో” అన్నాను. నా పెళ్ళయిన నాటి నుంచి నాకు చీరలన్నీ ఆయనే తెచ్చేవాడు. నేను ఆ దుకాణం గడప తొక్కింది లేదు. గుమాస్తా పెళ్ళాం గిరాకీల మధ్య కూర్చుంటే బాగుండదని మా అత్త చెప్పిన మాట, అట్లాగే నిలిచిపోయింది.

ఆ ప్రశ్న ఆ పిల్ల ఊరందరినీ అడిగింది. బోరింగు దగ్గర అడిగింది. బస్టాండులో అడిగింది. నందికొండ డ్యామ్ క్వార్టర్ల నుంచి వచ్చిన ఒక ఇంజినీరు భార్యను బస్సు ఎక్కుతుంటే అడిగితే, ఆమె కండక్టర్ని ఆపించి మరీ తన చీర కథంతా చెప్పిందట. భుజాన కొత్త తువ్వాల వేసుకుని పోతున్న ముసలాయనను అడిగితే, “తుడుచుకునెటందుకు బిడ్డా, ఇంకెందుకు?” అన్నాడట. కూరగాయలమ్మే ఒకామె మాత్రం భయపడి గంప ఎత్తుకుంది. “అమ్మకం పన్ను వసూలోళ్ళా మీరు? నాకేం దెల్వది, నా మొగన్ని అడుగుండ్రి” అందట.

ఒక పూట నాతో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే నేనే అడిగాను. “ఎందుకే పిల్లా అందర్ని గట్ల అడుగుతవ్?”

అప్పుడు చెప్పింది. ఆ ప్రాజెక్టు ఒకసారి చేసి తప్పిందట. పుస్తకాల్లోంచి తెల్లతోలు అమ్మాయిల బొమ్మలు తీసుకుని, మన చీరలను వాళ్ళకు అతికించి, రంగురంగుల పేజీలు చేసి పట్టుకుపోయింది. కాలేజీ మేడం అన్నీ చూసి ఒకటే ప్రశ్న వేసింది. ఈ చీర ఒకామె ఎందుకు కొంటుంది, అని.

“నోరు పెగల్లె చిన్నమ్మా. అందరు చీరలు కొంటరు గదా, ఎందుకు కొంటరంటె ఏం జెప్పాలె? ఇంకొక్కపాలి జేసుకరా అన్నది. గీ పాలి గూడ తప్పితే మళ్ళ రానియ్యరు.”

“తప్పితే ఏం జేస్తవ్?”

“మా బాపు ఎంబడి మందకు వోత. మాటిచ్చిన.”

బియ్యం చాటలోకి చూస్తూ “ట్ర్ర్” అంది. రాయి ఒకటి దొరికింది.

కంప్యూటర్ సెంటర్లో గంటల లెక్కన పైసలు కట్టి కూర్చోవాలి. ఊరికే ఆలోచిస్తూ కూర్చుంటే అక్కడ కుదరదు. అందుకని ఆ పిల్ల ఆలోచన అంతా మా గోడ మీద పెట్టేది. ఖాకీ కాగితాలు కోసి ఒక్కొక్కటి ఒక్కొక్క పేజీ అని అంటించింది. ఒకటి దుకాణం దర్వాజ. ఒకటి పట్టుచీరలు, ఒకటి నూలు చీరలు, ఒకటి పెండ్లి చీరలు. దర్వాజ కాగితం మీద పెన్సిల్‌తో బిళ్ళలు గీసి, ఆ బిళ్ళ దగ్గర గుండుసూది గుచ్చి, దానికి ఎర్రదారం కట్టి, దారం రెండో కొసను అవతలి గోడ మీది కాగితానికి తీసుకుపోయి కట్టేది. ఇక్కడ నొక్కితే అది తెరుచుకుంటుందని గుర్తు. రోజుకు కొన్ని దారాలు పెరిగేవి. గదిలో ఊడ్వాలంటే నడుం వంచి దారాల కింద దూరిపోవాల్సి వచ్చేది. నేను చీపురు పట్టుకుని లోపలికి పోతే చాలు, నన్ను గిరాకీ చేసేది.

“నొక్కు చిన్నమ్మా.”

“ఏం నొక్కాలె?”

“నీకేం గావాలె గది నొక్కు.”

నేను పట్టుచీర బిళ్ళ మీద వేలు పెట్టేదాన్ని. ఆ పిల్ల దారం పట్టుకుని అవతలి గోడ దాకా నడిపించుకుపోయేది. అక్కడ కాగితం ఖాళీగా ఉండేది.

“చీరేదే?”

“ఫోటోలు ఇంక తియ్యలె.”

“చీరలే లేని దుకాణంల నన్ను పొద్దున్నే తిప్పుతున్నవా?” అని నేను చీపురు ఎత్తేదాన్ని.

సీతాఫలాల రోజుల్లో వాళ్ళ బాపు వచ్చాడు. తలపాగా, భుజాన గొంగడి, సంచి నిండా పండ్లు. గదిలోకి వంగకుండా అడుగుపెట్టేసరికి దారాలు తలపాగాకు తగులుకున్నాయి. ఆయన కంగారుపడి తల విదిలిస్తే దుకాణంలో సగం ఊడి ఆయన నెత్తిన పడింది. పట్టుచీరల కాగితం భుజాన వేలాడుతుండగా “గిదేం సదువు బిడ్డా, ఉచ్చులు పన్నినవా?” అన్నాడు. కూతురు నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది.

పోయేముందు వాకిట్లో నాతో మెల్లగా అన్నాడు. “దీపావళి అయినంక పరీక్షట గదమ్మా. తప్పితే నా ఎంబడి వస్తనన్నది. వస్తే నాకు సాయమే. అయినా నాకైతే రావొద్దనే ఉన్నది.”

“ఎందుకన్నా?”

“గొర్ల కాడ గూడ గిది అడుగుడు మానదమ్మా. గీ గొర్రె గా ఆకే ఎందుకు తింటది బాపూ అంటది. గొర్లేమన్న జవాబు జెప్తయా? గిది అడిగితే జవాబు జెప్పేటోళ్ళ మధ్యలనే ఉండాలె.”

ఆ మాట అని, పండ్ల సంచి నా చేతికిచ్చి పోయాడు.

ఇక ఫోటోల గోల మొదలైంది. కాలేజీ నుంచి కెమెరా అయితే తెచ్చుకుంది, చీర కట్టి నిలబడే మనిషే దొరకలేదు. మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలు ముందు ఎగబడి వచ్చారు. “అక్కా, గీ ఫోటో ఎవలు చూస్తరు?” అని అడిగితే ఈ పిల్ల చల్లగా “లోకమంత చూస్తది” అని చెప్పింది. ఒక్కరు మిగల్లేదు. “అమ్మో, మా నాయిన తంతడు” అని పరుగు.

“లోకమంత అని ఎందుకు జెప్పినవే? కాలేజీల సార్లు చూస్తరని జెప్పరాదు?” అన్నాను.

“అబద్ధమైతది గద చిన్నమ్మా.”

చివరికి నా పెళ్ళిచీర తానే కట్టుకుని, కెమెరా నా చేతికిచ్చింది. ఇక్కడ కన్ను పెట్టు, ఇక్కడ నొక్కు అని చూపించింది. నేను ఊపిరి బిగబట్టి రీలంతా నొక్కాను. స్టూడియో నుంచి ఫోటోలు కడిగించుకుని వచ్చి గొంగడి మీద పరిచింది. చీర ఉంది, చేతులు ఉన్నాయి, కుచ్చిళ్ళు ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా తల లేదు.

“నీ మొకమేదే?”

“నువ్వే మింగినవ్ చిన్నమ్మా” అని పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఒక ఫోటో చేతిలోకి తీసుకుని “ట్ర్ర్” అంది. “మొకం లేకున్న చీర కనవడ్తాంది గద” అని తనలో తాను అనుకుంది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

అయితే నా పాత చీర పెట్టి కొత్త చీరల దుకాణం నడవదు. దుకాణంలో చీరలు కట్టించి ఫోటో తీస్తానంటే సేటు ఒప్పుకోలేదు. ఒకసారి కట్టి విప్పిన చీర మడత ఆగదు, గిరాకీ చేత్తో పట్టుకోగానే తెలిసిపోతుంది అన్నాడు. ఆ మాటా నిజమే. ఆ రోజు దిగాలుగా దుకాణంలో ఒక మూల కూర్చున్న పిల్ల, ఎండపొద్దున మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

“చిన్నమ్మా! చిన్నాయిన చీర ఏసుకుంటడు!”

“గదేం కొత్తనే? చీరల దుకాణపోళ్ళందరు ఏసుకుంటరు. ఏసుకొని చూపెట్టకుంటె గిరాకికి ఎట్ల దెలుస్తది?”

“గందుకే చిన్నమ్మా! గాయన ఏసుకుంటె మడత చెడ్తదని సేటు అననే అనడు!”

మా ఆయనను ఒప్పించడానికి చాలా పట్టింది. దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని పొద్దంతా చీరలు భుజాన వేసుకునే మనిషే, ఫోటో అనేసరికి ముడుచుకుపోయాడు. “గది పని బిడ్డా. పని జేస్తుంటె ఎవలు నవ్వరు. ఫోటోల చూస్తె నలుగురు నవ్వుతరు” అన్నాడు. ఇంట్లో ఆయన మాటలే తక్కువ. అన్నం ముందు కూర్చుంటే ఉప్పు తక్కువైనా చెప్పడు. అట్లాంటి మనిషి అన్ని మాటలు ఒక్కసారి అనడమే నాకు విచిత్రం. చివరికి ఒక షరతు పెట్టాడు. మొకం రావొద్దు.

“రాదు చిన్నాయినా. మాట” అంది ఆ పిల్ల.

గిరాకీ లేని మధ్యాహ్నాలు చూసుకుని ఫోటోలు తీసుకుంది. తర్వాత ఒక సాయంత్రం, నేను పప్పుగిన్నె చేత్తో పట్టుకుని గదిలోకి తొంగిచూశాను. దర్వాజ కాగితం నుంచి దారాలన్నీ ఈసారి నిండు పేజీల్లోకి పోతున్నాయి. వరసగా మా ఆయన. ఆకుపచ్చ చీర భుజాన మా ఆయన, వంగపండు రంగు చీరతో మా ఆయన, చేతి వాచీ, వేలికి రాగి ఉంగరం, అంతా మా ఆయనే. ఒక్కదానికీ తల లేదు. కత్తెరతో మెడ దగ్గర నున్నగా కోసి ఉంది.

గిన్నె ఎట్లా కింద పెట్టానో నాకు తెలియదు.

“నా మొగని మెడ కోసి నా ఇంట్లనే గోడకు గొడ్తవానే?”

ఆ పిల్ల అదిరిపడింది. “మొకం రావొద్దని మాటిచ్చిన చిన్నమ్మా...”

“మొకం వద్దంటె తల తీసేస్తవా? బతికున్న మనిషిని గిట్ల పెడ్తరా ఎవలన్న? పొద్దున లేస్తె నేను గీ గోడ చూస్తనా?”

“మరి ఎట్ల జెయ్యాలె?”

ఎట్లా చెయ్యాలో నాకు మాత్రం ఏం తెలుసు? అయినా ఆ రోజు నేనన్న మాట ఈ రోజుకీ మార్చను. అట్లా పెట్టకూడదు. ఆ పిల్ల ఒక్కొక్క ఫోటో పీకి గొంగడి మీద పెట్టింది. దారాలు వదులై కిందికి వేలాడాయి. పరీక్ష దగ్గరికొచ్చింది, గోడ మళ్ళీ ఖాళీ. నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

“తలలేవి?” అని అడిగాను.

“పారెయ్యలె. ఎట్ల పారేస్త?” అని పెట్టెలోంచి బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు మూత తెరిచింది.

డబ్బా నిండా మా ఆయన తలలు. నేను ఒకటి తీశాను. ఇంకొకటి తీశాను. ఏం చెప్పను, ఆ మొహం నాకు తెలియదు. కళ్ళు పెద్దవి చేసి, కనుబొమ్మలు ఎత్తి, ఎదుట ఎవరో ఉన్నట్టు, ఆమెకు ఇప్పుడే ఒక మంచి కబురు చెప్పబోతున్నట్టు చూస్తున్నాడు. చీర వైపు చూపే లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చూపు మా ఇంటికి రాలేదు. దుకాణంలోనే ఉండిపోయింది.

అంతలో మేం ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం అక్క వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మా గోడకు ఆనుకునే ఆమె మిషన్ ఉండేది. నా అరుపు విని వచ్చింది. “క్యా హువా? ఎవలు సచ్చిన్రు?” అంటూ వచ్చి, గొంగడి మీది ఫోటోలు చూసింది, డబ్బాలో తలలు చూసింది. మాకు ఏడుపు వస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది. అక్కడే కూలబడి, ఒక తల తీసి ఒక చీర మీద పెట్టి, కాదు ఇది దాని జోడు కాదు అని ఇంకొకటి పెట్టి, సరిగ్గా కుదిరినదాన్ని చేత్తో ఎత్తిపట్టుకుంది.

“అరె, గిసొంటి ఆకుపచ్చది నేను జూసిన. మా చిన్నబిడ్డ నిఖాల నేను కట్టుకుందామని వోతె మీ ఆయన గిట్లనే ఏసుకొని చూపెట్టిండు. గదే తెచ్చుకున్న.”

ఆ పిల్ల తల ఎత్తింది. “ఎందుకు ఆపా? గదే ఎందుకు తెచ్చుకున్నవ్?”

ఆపా నా వైపు ఒకసారి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఏమనుకోకు చెల్లె. గీ మీసాలు, గీ బొర్ర, గీ బట్టతల మనిషి మీదనే గంత సక్కగుంటె, నా మీద ఎట్లుంటదో అనుకున్న.”

ముందు నేనే నవ్వాను. ముగ్గురం ఎట్లా నవ్వామంటే ఆపా మిషన్ మీద ఏదో మరిచిపోయానని లేచి, లేవలేక మళ్ళీ కూర్చుంది. ఆ పిల్ల నవ్వు మాత్రం మధ్యలో తెగిపోయింది. “ట్ర్ర్... ట్ర్ర్” అంటూ గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తిరిగింది. “సక్కటి పిల్ల కట్టుకుంటె గా పిల్లే సక్కగ కనవడ్తది. చిన్నాయిన ఏసుకుంటె కొనేటామెకు తానే కనవడ్తది” అంది. ఊరంతా అడిగి తిరిగిన ప్రశ్నకు జవాబు మా గొంగడి మీద దొరికింది. కాని ఆ జవాబు చెప్పాలంటే తల కావాలి. మీసాలు కావాలి. ఆయనకు మాట ఇచ్చింది ఆ తల రాదనే.

మా ఆయన వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఆ పిల్ల దర్వాజ దగ్గర నిలబడి అంతా చెప్పింది, ఆపా మాటతో సహా, ఒక్క ముక్క దాచలేదు. “నువ్వు వద్దంటె వద్దు చిన్నాయినా. గీ ఫోటోలే ఇడిసిపెడ్త” అంది. విడిచిపెడితే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన డబ్బా ముందు కూర్చుని తన తలలు ఒక్కొక్కటే దీపానికి పట్టి చూసుకున్నాడు. మనిషి తన పనిలో తన మొహం ఎప్పుడు చూసుకుంటాడు?

“నేను గిట్ల చూస్తనా?” అని నన్ను అడిగాడు.

“నాకేం దెలుసు? నాకెప్పుడు చూపెట్టినవ్ గీ మొకం?” అన్నాను. కోపంగానే అన్నాను. అయినా ఆయనకు నవ్వొచ్చింది. అచ్చం ఫోటోలో నవ్వు.

“పెట్టు బిడ్డా” అన్నాడు. “తల పెట్టు. నవ్వితే నవ్వనియ్.”

మళ్ళీ స్టూడియోకు పోయి కొత్తగా కడిగించుకుని, తలతో సహా పేజీల్లోకి ఎక్కించుకుని, ఫ్లాపీలు పాత రవికగుడ్డలో చుట్టుకుని హైదరాబాదు బస్సెక్కింది. బస్సెక్కేటప్పుడు కూడా ముందు సీటామె కొంగు తిరగేస్తూనే ఉంది.

ఆ వారమంతా మా ఆయన అన్నం సగం తినేవాడు. పిల్ల తప్పుతుందని ఒక దిగులు, సార్లు తనను చూసి నవ్వుతారని ఒక దిగులు. ఏది పెద్దదో ఆయనకే తెలియదు.

తిరిగి వచ్చింది. వస్తూ దారిలో యాదగిరిగుట్ట ఎక్కి వచ్చిందట, చేతిలో ప్రసాదం పొట్లం ఉంది. పొట్లం చూడగానే నాకు అర్థమైంది గాని, దాని నోటితో వినాలని కూర్చోబెట్టాను.

“నవ్విన్రు చిన్నాయినా” అంది ముందే. “కంప్యూటర్ల బొమ్మ ఒక్కసారి రాదు. మీదికెల్లి కిందికి, గీత గీత వస్తది. ముందుగాల నీ నెత్తి వచ్చింది. మీసాలు రాంగనే అందరు నవ్విన్రు. మేడం గూడ నవ్వింది. తర్వాత చీర దిగుతాంటె, ఒక్కరొక్కరు ముందుకు వంగిన్రు. కింద ఇంకేమున్నదో అని.”

“మేడం అడిగిందా?” అన్నాడాయన.

“గదే అడిగింది. ఎందుకు కొంటది అని. ఆపా మాట ఉన్నదున్నట్టు జెప్పిన. బట్టతల అన్నది గూడ జెప్పిన. ఏమనుకోకు.”

“ఏమనుకోను. ఏమన్నది మరి?”

“ఏమనలె. నీ మొకం దిక్కు మళ్ళ చూసింది. పాసన్నది.” తర్వాత కొంచెం గొణిగింది. “బొమ్మలు పెద్దగ పెట్టినవ్, గంతసేపు ఎవలు ఆగుతరని మార్కులు గోసిన్రు. చీరల దుకాణంల అందరు ఆగుతరు మేడం అన్న. అయినా గోసిన్రు.”

మరునాడు పొద్దున మమ్మల్ని కంప్యూటర్ సెంటర్‌కు తీసుకుపోయింది. నేను మంచి చీర కట్టుకున్నాను. మా ఆయన దుకాణానికి సెలవు చెప్పి, ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. ఆ గదిలో కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా చేతిని ఆ మౌసు మీద పెట్టి, చెవి దగ్గర మెల్లగా అంది.

“నొక్కు చిన్నమ్మా.”

ఈసారి దారం లేదు. నొక్కాను. తెల్లటి జాగా తెరుచుకుంది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత పైనుంచి ఒక సన్నటి గీత వచ్చింది, దాని కింద ఇంకొకటి. బట్టతల. నుదురు. ఎత్తిన కనుబొమ్మలు. ఆ కళ్ళు వచ్చాయి, నన్నే చూస్తున్నాయి. నేను ఆ దుకాణంలో గిరాకీనై కూర్చున్నట్టు, నాకే ఆ మంచి కబురు చెప్పబోతున్నట్టు. మీసాలు వచ్చాయి. మెడ వచ్చింది, నిండుగా, ఏ కోతా లేకుండా. భుజం మీద ఆకుపచ్చ అంచు మొదలైంది. అంతే, కరెంటు పోయింది.

గదిలో పిల్లలంతా హో అని అరిచారు. ఆ పిల్ల నల్లబడిన కంప్యూటర్ తెర వైపు “ట్ర్ర్... ట్ర్ర్” అని కూత పెట్టింది. కరెంటు మళ్ళలేదు. “ఆగు చిన్నమ్మా, వస్తది, చీర మొత్తం చూద్దువు” అంది.

“చాలు బిడ్డా” అన్నాను. “చీర మా ఇంట్ల గోడకు చూసిన.”

మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు. ఆయన చెయ్యి నా కుర్చీ మీద ఉందని తెలుసు.

ఆ పిల్లకు హైదరాబాదులోనే బట్టల కంపెనీలో పని దొరికింది. కొన్నాళ్ళు వచ్చిపోయింది, వచ్చినప్పుడల్లా నా కొంగు తిరగేసింది. తర్వాత వాళ్ళ బాపు పోయాడని విన్నాం, ఆ తర్వాత ఎక్కడుందో తెలియలేదు. ఇప్పుడు మనవరాలి ఫోన్లో చీరల దుకాణాలు చూస్తే, వాటి వెనక ఎవరో గదిలో కూర్చుని దారాలు కడుతున్నట్టే ఉంటుంది నాకు.

మా ఆయన పోయినప్పుడు ఫోటో కోసం వెతికితే, ఆ పిల్ల ఇచ్చిపోయిన ఆకుపచ్చ చీర ఫోటోనే దొరికింది. స్టూడియో అతను దాన్ని పెద్దది చేస్తానని, చీర కనబడకుండా మెడ దాకే కోస్తానని అన్నాడు. వద్దన్నాను.

“మరి ఎక్కడికి కోయాలమ్మా?” అన్నాడు.

“కరెంటు పోయిన కాడికి” అన్నాను. అతనికి అర్థం కాలేదు. అందుకని భుజం మీద, ఆ అంచు మొదలైన చోట, నేనే వేలు పెట్టి చూపించాను.